పినాకినీ తీరమున నొక పేట: కావేరీపట్టణము

కావేరీపట్టణమను పేరు విన్నంతనే చోళుల రేవుపట్టణము స్ఫురించును. ఇచ్చట ప్రస్తావించునది అది కాదు. ఈ ఊరు ధర్మపురి నుండి కృష్ణగిరికి పోవు మార్గమున, దక్షిణ పినాకిని యొడ్డున నున్నది. 1965లో సేలము జిల్లా నుండి ధర్మపురి జిల్లా వేరుపడినపుడు అందు చేరి, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో నున్నది.

చరిత్ర గ్రంథములలో ఈ ఊరు కోటగానే కానవచ్చును. 1767లో ఆంగ్లేయులు దీనిని పట్టుకొనగా, ఆ యేడే హైదరాలీ తిరిగి వశపరచుకొనెను. 1790లో టిప్పు సుల్తానుతోడి యుద్ధమున మాక్స్‌వెల్ దండు ఇచ్చట విడిసెను. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు సీమ ఆంగ్లేయుల కబ్బినది. అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో మొదలగువారు పొలములు కొలిపించి, రైతులతో నేరుగా శిస్తు నిర్ణయించిరి. రైత్వారీ పద్ధతికి బీజము పడినది ఈ సీమలోనే.

అయినను కోట చరిత్రయే ఊరి చరిత్ర కాదు. ఆ కాలమున కోటకు వెలుపల వర్తకులు, చేతిపనివారు కాపురముండు భాగమును పేట యనిరి. ఆంగ్లేయులు సైతము ఈ మాటను తమ వ్రాతలలోనికి గైకొనిరి. కోట నేలినవారు పోయిరి. ఏటిని నమ్ముకొన్నవారు నిలిచిరి. 1950ల దశాబ్దిలో ఎగువను కృష్ణగిరి జలాశయము నిర్మింపబడినది. కాలువలు పొలములకు నీరిచ్చినవి. ఏటి ప్రవాహము మాత్రము వానకే గాక ఆనకట్ట తలుపులకును లోబడినది.

ఈ సీమ ఊళ్ల పేర్లలో మూడు భాషల కలయిక గోచరించును. మారండహళ్ళిలో కన్నడపు ‘హళ్ళి’ యున్నది. పాప్పిరెడ్డిపట్టిలో రెడ్డి శబ్దమునకు తమిళపు ‘పట్టి’ చేరినది. తెలుగు ఇచ్చట అతిథి కాదనుటకు ఇట్టి పేర్లే సాక్ష్యము.

2006 నాటి చట్టము తమిళనాట పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు అంచెలంచెలుగా తమిళమును తప్పనిసరి చేసినది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. అయితే ఇంట తెలుగు మాటాడియు తెలుగు లిపి చదువజాలని తరము పెరుగుచున్నది. పెట్టెలలో తాతలనాటి తెలుగు క్రయపత్రము, జాబు ఏదేని యున్నచో, దానిని చదువగలవారు ఉండగనే ప్రతి వ్రాయించుకొనవలెను. వృద్ధులు చెప్పు వీధుల పాత పేర్లను, ఏటి రేవుల పేర్లను సేకరింపవలెను. కోటల కథ నితరులు వ్రాసిరి. పేట చరిత్ర వ్రాయవలసినవారము మనమే.