కూలియు విశ్వాసమును

మా ఒంటిమిట్టకు వచ్చు యాత్రికులు కోదండరామస్వామి దర్శనము చేసికొని వెలుపలికి వచ్చిన పిమ్మట ఇమాంబేగు బావిని చూడక పోరు. కడప నవాబుల ప్రతినిధియైన ఆ మహమ్మదీయుడు, మీ రాముడు పిలిచిన పలుకునా యని యడిగెననియు, ముమ్మాఱు పిలువగా లోపలినుండి ‘ఓ’ యను బదులు వినవచ్చెననియు, ఆ సంతోషముచే ఆలయమునకు నీటికై బావి త్రవ్వించెననియు పెద్దలు చెప్పుదురు. త్రవ్వించినవాని పేరు నేటికిని నిలిచియున్నది. త్రవ్వినవారి పేళ్లలో ఒక్కటియు నిలువలేదు. ఈ కథను నేను బడిలో చెప్పుచుండగా ఒకనాడొక పిల్లవాడు లేచి, “తవ్వినోళ్లకు కూలి ఇచ్చినారా అయ్యవారూ?” అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. చరిత్ర చదువువారందఱును అడుగవలసినదియు, తఱచు అడుగనిదియు ఆ ప్రశ్నయే.

పనివానికి న్యాయము చేయుట లోకమర్యాద మాత్రమే యని తలచువారు మనలో పెక్కుమంది గలరు. మతమనగా పూజయు ప్రార్థనయు. కూలి యనగా బేరము. ఈ రెంటికిని పొత్తు లేదని వారి యభిప్రాయము. క్రైస్తవుల వేదగ్రంథము ఈ భేదము నంగీకరింపదు. అపొస్తలుడైన పౌలు కొలస్సీ సంఘమునకు వ్రాసిన లేఖలో, యజమానులకు సైతము పైన నొక యజమానుడు గలడు గావున తమ దాసులయెడ న్యాయము తప్పరాదని బోధించెను. పారిపోయి వచ్చిన ఒనేసిమను దాసుని ఫిలేమోను నొద్దకు మరల పంపుచు, వానిని సోదరునిగా చేర్చుకొనుమని యర్థించెను. యాకోబు లేఖ మఱింత కఠినమైనది. చేను కోసినవారి కూలి బిగబట్టిన ధనికుని మీద ఆ కూలియే దేవునికి మొఱపెట్టునని అందలి భావము. మన శాస్త్రములును ఈ విషయమున మూగవి కావు. పని చేయించుకొని కూలి యీయని యజమానునకు కౌటిల్యుని యర్థశాస్త్రము దండనము విధించుచున్నది. అయితే అది రాజు విధించు దండనము. పౌలు చెప్పినది రాజభటుడు చూడని చోటను యజమానుని వెంటాడు ధర్మము.

గ్రంథమున వ్రాసియున్నంత మాత్రమున అది యాచరణమున నుండునని యనుకొనరాదు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇదే గ్రంథమును చేత బట్టుకొని నల్లజాతివారిని బానిసలుగా నేలినవారు వేలకొలది యుండిరి. ఆ దేశమున బానిసత్వము రాజ్యాంగ సవరణముచే రద్దయినది 1865 డిసెంబరులో. ఆ సంవత్సరముననే జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు బోధకుడు తెలుగుదేశమునకు వచ్చెను. పనివానియెడ న్యాయమనునది క్రైస్తవ విశ్వాసమునకు నిజముగా పరీక్షయైన సన్నివేశము మన ప్రాంతపు చరిత్రలో నొకటి గలదు. అది ఈ క్లౌ జీవితమున జరిగినది.

క్లౌ 1836లో జన్మించెను. మత బోధకుడగుటకు పూర్వము భూమిని కొలుచు సర్వే పని నేర్చెను. నెల్లూరులో కొంతకాలముండి 1866లో ఒంగోలు చేరెను. అంతకు ముందే మన కడపలో లండను మిషనువారు 1822 నుండి పనిచేయుచుండిరి. కాని క్లౌ కార్యక్షేత్రమును మనకు దూరమైనది కాదు. ఆయన బోధ వ్యాపించిన కంబము, మార్కాపురము సీమలు 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలోనివే.

ఒంగోలులో ఆయనకు మొదటి పరీక్ష వెంటనే వచ్చెను. ఊరి పెద్దకులములవారు తమ పిల్లల చదువుకై ఆయనను ఆదరించిరి. ఇంతలో యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారము చేయుచు దేశము తిరిగినవాడు, క్రైస్తవ మతము స్వీకరించెను. ఆయన వెంట ఆయన కులమువారు వచ్చుట కారంభించిరి. వీరిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దకులములవారు తెలియజేసిరి. క్లౌ మాదిగలను విడువలేదు. పెద్దకులములవారు తొలగిపోయిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘ మేర్పడెను.

నాటి గ్రామములో మాదిగల స్థితి చదువరులకు కొంత విన్నవింపవలసియున్నది. చెప్పులు కుట్టుట, బావి నీరు తోడు కపిలకు తోలుతిత్తి సిద్ధపఱచుట, పండుగకు డప్పు కొట్టుట, చచ్చిన పశువు నీడ్చుట వారి పనులు. కపిల లేనిదే మన మెట్టసీమలో మడి తడవదు. తోలు లేనిదే కపిల లేదు. అట్టి పనికి ప్రతిఫలము కళ్లములో కొలిచి యిచ్చు గింజలు. కొలత రైతు చేతిలో నుండును. తక్కువైనదని యడుగుటకు నోరుండదు. ఇదిగాక కూలి లేని వెట్టి యుండనే యుండెను. క్రైస్తవులైనవారు ఆదివారము పనికి రామనియు, గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టమనియు చెప్పినప్పుడు గ్రామములలో అలజడి పుట్టెను. కొన్ని యూళ్లలో వారికి పనియు నీరును గూడ నిలిపివేసిరి. మతము మార్చుకొన్నందులకంటె, పనివాడు యజమానునితో ‘ఈ దినము రాను’ అని చెప్పగలిగినందులకే ఆ కోప మెక్కువ యని నా యభిప్రాయము. వారమునకొక దినము తనది యని చెప్పుకొనిన మనుజుడు అంతవఱకైనను స్వతంత్రుడు.

ఇట్లుండగా ధాతు సంవత్సరపు కరవు వచ్చెను. 1876లో వానలు తప్పెను. 1878 వఱకు ఆ బాధ తీఱలేదు. దత్తమండలము లన్నియు మాడిపోయెను. 1881 జనాభా లెక్కలు తీసినప్పుడు కర్నూలు జిల్లా జనసంఖ్య పదేండ్ల క్రిందటి లెక్కకంటె ఎంతయో తగ్గియుండెను. రాజప్రతినిధి లిట్టను ప్రభువు పంపగా వచ్చిన సర్ రిచ్చర్డు టెంపులు, 1877 జనవరిలో, కరవుపనులలో ఒడలు వంచి పనిచేయు మగవానికి దినమునకొక పౌను ధాన్యమును కొలదిపాటి రొక్కమును చాలునని నిర్ణయించెను. మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఆ తిండితో పనివాడు బ్రదుకడని గట్టిగా వాదించెను. పనివాని కెంత చెల్లవలెనను ప్రశ్న అప్పుడు ప్రాణముల ప్రశ్న యయ్యెను.

ఆ కాలమున ప్రభుత్వము కరవుపనిగా సముద్రతీరమున కాలువ త్రవ్వించుచుండెను. నాటి మద్రాసు గవర్నరు పేర దానిని బకింగుహాము కాలువ యందురు. నేడు చాలమేర పూడిపోయి నిరుపయోగముగా నున్నను, ఒకప్పుడు పడవలతో కళకళలాడిన కాలువ యది. సర్వే తెలిసినవాడగుటచే క్లౌ అందు సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొనెను. ఆ గుత్త తీసికొన్నది లాభమునకై గాదు. తనను నమ్మినవారును ఆకలిగొన్న ఇతరులును కూలి సంపాదించుకొని బ్రదుకుటకై. కరవుపనులలో అంటరానివారనబడువారు మేస్త్రీల తిట్లకును దెబ్బలకును గుఱియగుట అరుదు గాదు. ఎండి బక్కచిక్కినవాడు మట్టిగంప మోయలేక కూలబడిన, వానిని లేపునది కఱ్ఱయే. క్లౌ శిబిరమున పనివారి ముఠాలపై పెత్తనము ఆయన బోధకులకే యొప్పగింపబడెను. వారిలో పలువురు మాదిగ కులమునుండి వచ్చినవారు. పగలు మట్టి కొలిచి కూలి లెక్కించు చేతులే సాయంకాలమున పనివారి మధ్య గూర్చుండి వేదగ్రంథము విప్పెను.

ఈ చిన్న యేర్పాటులోని గొప్పతనమును గమనింపవలెను. పగలు కొలతలో మోసము చేసినవాడు సాయంకాలము దైవన్యాయమును గూర్చి చెప్పిన విను చెవి యుండదు. బోధ నిజమో కాదో తేల్చుకొనుటకు పనివానికి తర్కశాస్త్ర మక్కఱలేదు. కూలి దినమున తన చేతిలో పడిన డబ్బులు చాలును. సత్ప్రవర్తనమునకు ఫలముగా జనులు గుంపులు గుంపులుగా వచ్చి తమకు బాప్తిస్మ మిమ్మని యడిగిరి.

ఇక్కడనే క్లౌకు రెండవ పరీక్ష వచ్చెను. మొదటి పరీక్షయందు ఆయన ఘనులను వదలుకొనెను. ఈ పరీక్షయందు తాను కోరి వచ్చిన ఫలమునే వదలుకొనవలసివచ్చెను. పని యిచ్చునది తాను. తిండి గింజలు పంచునది తాను. అట్టివాని యెదుట చేతులు జోడించి ‘మీ మతములో చేరుదుము’ అని చెప్పు ఆకలిగొన్నవాని మాటను ఎంతవఱకు వాని మాటగా నెంచవచ్చును? 1877 మార్చి మొదలుకొని పదునైదు మాసములపాటు క్లౌ ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. కరవు తగ్గి, సహాయద్రవ్యము ముగిసి, ఇక నాయొద్ద ఇచ్చుట కేమియు లేదని చాటించిన పిమ్మటనే ఆయన మరల ద్వారము తెఱచెను. అప్పటికిని జనులు వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు వారి సంఖ్య 9,606.

లోకమంతయు ఈ అంకెలనే పొగడినది. నాకు మాత్రము ఈ అంకెలకంటె ఆ పదునైదు మాసముల శూన్యము విలువైనదిగా తోచుచున్నది. కూలిని తగ్గించి పనివాని కష్టమును దోచుకొనుట యొక విధము. కూలి సరిగా నిచ్చి, ఆ కృతజ్ఞతకు బదులుగా వాని మనస్సును దోచుకొనుట మఱియొక విధము. రెండవది చూపునకు దయవలె నుండును. క్లౌ రెండింటిని మానుకొనెను. అందువలననే ఆయన చేసినది న్యాయ మనదగియున్నది.

ఆక్షేపణలు లేకపోలేదు. తిండికై మతము మారినవారని నాడును అనిరి, నేడును అందురు. కరవు తీఱిన తరువాత, ఏమియు దొరకదని తెలిసి, తమ యూరి పెద్దల యాగ్రహమును మీదికి తెచ్చికొనుచు వచ్చినవారిని గూర్చి అంత తేలికగా మాటలాడుట న్యాయము గాదు. మఱియొక యాక్షేపణ మాత్రము బలమైనది. క్రైస్తవ సంఘములలోనే కులము చావలేదు. కలకత్తా బిషప్పు డేనియల్ విల్సను 1833లో దక్షిణదేశపు సంఘములు కులభేదమును పూర్తిగా విడువవలెనని యాజ్ఞాపించెను. ఆ యాజ్ఞ నేటికిని పూర్తిగా నెఱవేఱలేదు. ప్రభువు బల్లయొద్ద సోదరుడని పిలిచి, పెరటిలో పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టు గృహములు గలవు. ఆ గృహములలో అన్ని మతములవారును గలరు.

క్లౌ 1910లో మరణించెను. ఆయన స్వీయచరిత్రను సిద్ధపఱచి 1914లో వెలువరించినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. ఆమె సోదరుడు వాల్టరు రౌషెన్‌బుష్ అమెరికాలో కర్మాగారపు కూలీల పక్షమున ‘సామాజిక సువార్త’ ను ప్రబోధించిన ప్రసిద్ధుడు. న్యూయార్కు మురికివాడలలో ఆయన చూచిన సత్యమును, గుండ్లకమ్మ తీరమున ఈ దంపతులు మాదిగపల్లెలలో చూచిరి. రెండు చోటులను పాఠ మొక్కటియే: దైవభక్తి కూలి లెక్కల దాక రానిచో అది సగము దారిలో నిలిచిపోయినట్లు.

మన సీమలో దాతలకు కొదవ లేదు. కరవు కాలమున గంజి పోసి వేలమందిని బ్రదికించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిని జనులు నేటికిని తలతురు. మా ఒంటిమిట్ట రామాలయమును బాగుచేయుటకై టెంకాయచిప్ప చేతబట్టి యాచించిన వావిలికొలను సుబ్బారావుగారి త్యాగము మాకు ప్రాతఃస్మరణీయము. దానము గొప్పది, కాని దానము ఇచ్చువాని యిష్టము మీద నాధారపడినది. కూలి యట్లు గాదు. అది పుచ్చుకొనువాని సొత్తు. కూలిలో నాలుగు డబ్బులు తగ్గించి పండుగనాడు పాతచీర యిచ్చు గృహిణి తాను దానము చేసితినని యనుకొనును. నిజమునకు ఆమె తీర్చినది అప్పులో కొంతభాగము. 1976లో ఈ దేశమున వెట్టిచాకిరి శాసనముచే నిషేధింపబడినది. శాసనము ఇంటి గడప దాటి లోనికి వచ్చుట కష్టము. ఆ గడపకు లోపల న్యాయాధిపతి మనమే.

ఇంతయు వ్రాసి నా సంగతి దాచుట మర్యాద గాదు. కొన్ని యేండ్ల క్రిందట మా యింటి ప్రహరీ కట్టించునపుడు, చిల్లర లేదని మట్టి మోసిన స్త్రీకి మూడు దినముల కూలి నిలిపితిని. నాల్గవ దినమున ఆమె పనికి రాక, కూలి కొఱకు మాత్రము వచ్చి, వాకిట నిలుచుండెను, అడుగలేదు. నేను వరండాలో ఒక ధర్మోపన్యాసమునకు శ్లోకములు ఏరుకొనుచుంటిని. ఆమెను చూచిన పిమ్మట ఆ దినమున ఒక్క శ్లోకమునకును నాకు అర్థము తోచలేదు.

చదువరులారా, మన యిండ్లలో అంట్లు తోమునది, చేనిలో కలుపు తీయునది, బడి వసారా ఊడ్చునది ఎవరో వారి పేళ్లు మనకు తెలియునా? వారికి చెల్లవలసినది చెల్లవలసిన దినముననే చెల్లినదా? వారు మన మాటకు తల యూపినప్పుడు, అది వారి సమ్మతియా, వారి యవసరమా? ఈ మూడవ ప్రశ్నను తన్ను తానడిగికొని పదునైదు మాసము లాగిన మనుజు డొకడు మన పొరుగున నుండెను. మా బడిపిల్లవాని ప్రశ్నకు, బావి త్రవ్వించు ప్రతివాడును, ఏ దేవుని కొలుచువాడైనను, సమాధానము చెప్పుకొనవలసియే యున్నది.