సిపాయి జేబులోని మాటల పుస్తకము

1944 జూన్ 6వ తేదీన నార్మండీ తీరమున దిగిన అమెరికా సైనికులలో ఫ్రెంచి భాష తెలిసినవారు బహు కొద్దిమంది. అట్టివారి నిమిత్తమే అమెరికా యుద్ధశాఖ 1943లో జేబులో పట్టు ఫ్రెంచి మాటల పుస్తకమొకటి అచ్చువేయించెను. ఒక వరుసలో ఇంగ్లీషు వాక్యము, దాని ప్రక్కన పలుకవలసిన రీతి ఇంగ్లీషు అక్షరములలో, ఆ ప్రక్కన ఫ్రెంచి వ్రాత. వ్యాకరణము నేర్చుటకు వ్యవధి లేదు. చూచి పలికిన చాలును. ఇతర రణరంగములకు పోవువారికై వేరు భాషలలోను ఇట్టివి వెలువడెను.

ఆ పుస్తకములో ఆజ్ఞాపించు మాటలు గలవు. గాయపడితిననియు సహాయము చేయుడనియు బ్రతిమాలు మాటలును గలవు. అయితే దానిని కూర్చినవారు ఒక చిక్కును గుర్తెరిగిరి. సిపాయి ప్రశ్న అడుగగలడు గాని, వచ్చు జవాబును గ్రహింపలేడు. కావున ప్రశ్నలలో అనేకము ఔననియో, కాదనియో, అంకె చెప్పియో, వ్రేలితో చూపియో జవాబియ్యదగినట్లు కూర్చిరి. యుద్ధ సమయమున అది తెలివైన పనియే. కాని ఆ వేసవిలో నార్మండీలో దాదాపు 20,000 మంది పౌరులు చనిపోయిరి. ఇల్లు కూలి, బిడ్డను పాతిపెట్టిన రైతు తన దుఃఖము చెప్పుకొనిన యెడల వినుటకు ఆ పుస్తకము చాలదు.

భాష బాగుగా వచ్చినంత మాత్రమున ఈ కొరత తీరునా? క్రీ.పూ. 701లో అష్షూరు సైన్యము యెరూషలేము మీదికి వచ్చినప్పుడు రబ్షాకే యూదుల భాషలోనే కేకలు వేసెను (2 రాజులు 18). సిరియా భాషలో మాటలాడుమని హిజ్కియా సేవకులు వేడుకొనినను అతడు వినలేదు. ప్రాకారము మీది జనులను భయపెట్టుటకే అతనికి ఆ భాష పనికివచ్చెను. మాట వచ్చెను గాని ప్రేమ లేదు.

ప్రియ చదువరులారా, మంచముపట్టిన సహోదరి యొద్దకు మనము వెళ్లుదుము. ప్రార్థన చేసికొనుచున్నావా, వాక్యము చదువుచున్నావా అని అడిగి, ఔననిపించుకొని, ప్రార్థించి లేచి వచ్చుదుము. రాత్రులు ఆమె ఏమి తలంచి ఏడ్చుచున్నదో, ఏ కుమారుడు ఆమెను మరచెనో మనకు తెలియదు. ఆమెదియు మనదియు ఒకటే భాష. అయినను మనము ఆ సిపాయి పుస్తకముతోనే వెళ్లితిమి. అతనికి యుద్ధమను కారణముండెను. మనకేమున్నది?

గ్రుడ్డివాడైన బర్తిమయికి ఏమి కావలెనో మన ప్రభువు ఎరుగనివాడు కాడు. అయినను తాను అతనికేమి చేయవలెనో చెప్పుమని అతనినే అడిగెను (మార్కు 10). ఔను కాదనుటతో తీరు ప్రశ్న కాదది. అడిగినవాడు నిలిచి వినవలెను. యెరూషలేమునకు, సిలువ యొద్దకు పోవు త్రోవలో ఆయన ఆ బిచ్చగాని కొరకు నిలిచెను. ఈ వారము ఒక్క గడపయందైనను మనమట్లు నిలిచి విందుము గాక.