గెలిచిన పితూరీ: మన్యం పోరాటంపై ప్రత్యామ్నాయ చరిత్ర కల్పనలు – ఒక పరిశీలన

ఓడినవారు గెలిచి ఉంటే ఏమయ్యేదన్న ఊహ చాలా పాతది. అలెగ్జాండరు పడమటికి దండెత్తి ఉంటే రోము నిలిచేదా అన్న ప్రశ్నను రోమను చరిత్రకారుడు లివీ తన చరిత్రలోనే విపులంగా చర్చించాడు. 1931లో జె.సి. స్క్వైర్ సంపాదకత్వంలో వెలువడిన వ్యాససంపుటికి విన్‌స్టన్ చర్చిల్ గెటిస్‌బర్గ్ యుద్ధంపై రాసినది ఇంకా చిత్రమైనది. దక్షిణాది సేనాని లీ గెలిచిన లోకంలో కూర్చున్న చరిత్రకారుడొకడు, లీ ఓడిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం అందులోని ఎత్తుగడ. భారతదేశాన్ని రంగస్థలంగా చేసుకొన్న కథానికల్లో హ్యారీ టర్టిల్‌డవ్ 1988లో ప్రకటించిన ‘ది లాస్ట్ ఆర్టికల్’ ప్రసిద్ధం. ఆ కథలో రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ నెగ్గి ఢిల్లీని ఆక్రమిస్తుంది. గాంధీ సత్యాగ్రహం సేనాని మోడెల్ ముందు పనిచేయదు. చివరకు గాంధీ తుపాకీకి బలవుతాడు. అహింస గెలవడానికి ఎదుటివాడికి ఎంతో కొంత చట్టభీతి ఉండాలన్నది ఆ కథ తేల్చే మాట.

తెలుగులో ఈ ప్రక్రియ కథానికగా అంత బలపడలేదు. అయినంత మాత్రాన ఆ ఊహ లేదనుకోరాదు. అది వీరగాథల్లోను, వదంతుల్లోను, ఇటీవల చలనచిత్రంలోను బతుకుతున్నది. బొబ్బిలి కథే ఇందుకు మొదటి ఉదాహరణ. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగుల ముందు కోట కూలింది. కథ మాత్రం అక్కడ ఆగదు. తాండ్ర పాపారాయుడు విజయనగర ప్రభువు విజయరామరాజు డేరాలో దూరి అతనిని చంపడంతో ముగుస్తుంది. యుద్ధంలో పోయిన గెలుపును ప్రతీకారంలో రాబట్టుకోవడం ఈ ముగింపు చేసిన పని. కల్పనకు అసలు తావిచ్చే ప్రశ్న వేరే ఉన్నది. ఆ హత్య జరగకపోతే ఆనందగజపతి గద్దె ఎక్కేవాడు కాడు. ఫ్రెంచివారిపై అలిగి ఆంగ్లేయులను పిలిచేవాడు కాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కల్నల్ ఫోర్డు గెలుపూ ఉండకపోవచ్చు. ఉత్తర సర్కారుల భవిష్యత్తు ఒక డేరాలో మలుపు తిరిగింది. జానపదుడు ఆ దిక్కుగా చూడలేదు. అతనికి కావలసినది పగ తీరడం.

మన్యం పోరాటం విషయంలో ఇదే పద్ధతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జరిగిన చరిత్రను క్లుప్తంగా గుర్తుచేసుకోవాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి 26 తుపాకులను పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు హతులయ్యారు. డిసెంబరు 6న దళం గట్టి దెబ్బ తిన్నది. మలబారు స్పెషల్ పోలీసుల తరువాత 1924లో అస్సాం రైఫిల్స్ దిగాయి. మే 7న మంప దగ్గర పట్టుబడిన రాజును కొయ్యూరులో కాల్చిచంపారు. తప్పించుకోబోయాడన్నది సర్కారు చెప్పిన కారణం. మరుసటి నెలలో గాం గంటందొర కూడా నేలకొరిగాడు.

ఈ ముగింపును జనం మూడు విధాలుగా మార్చుకున్నారు. మొదటిది మరణాన్నే కాదనడం. కొయ్యూరులో చనిపోయినది వేరెవరో, రాజు తప్పించుకొని సన్యాసిగా బతికాడన్న ప్రచారం చాలాకాలం నడిచింది. బెండపూడి సాధువే ఆయన అని నమ్మినవారున్నారు. రెండవది మరణాన్ని గెలుపుగా పాడుకోవడం. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం ఆ మార్గంలోనిది. ఆ చిత్రం కోసం శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం రావడం ఆ పద్ధతికి దక్కిన ఆమోదం కూడాను.

మూడవది పోరాటాన్నే స్థలం మార్చడం. 2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్‌ఆర్‌ఆర్’ చిత్రం రాజును, గోండు వీరుడు కొమురం భీమును 1920 నాటి ఢిల్లీలో కలిపింది. చరిత్రలో వారిద్దరూ కలుసుకొన్న దాఖలా లేదు. భీము పోరాటం నిజాం రాజ్యంలోనిది, అతడు జోడేఘాట్‌లో 1940లో మరణించాడు. చిత్రంలో ఇద్దరూ గవర్నరును మట్టుపెట్టి ఇంటికి వస్తారు. రాజు లక్ష్యం తన ఊరికి తుపాకులు చేర్చడం. అందుకోసం తెల్లవారి పోలీసు ఉద్యోగమే చేస్తాడు. పోలీసుస్టేషన్లపై దాడితో తిరుగుబాటు ఆరంభించినవానికి ఇది విచిత్రమైన వేషమే. అయినా తుపాకి కొరతే మన్యం పోరాటపు ప్రాణసమస్య అని కథకుడు పట్టుకొన్నాడు. ఇరవయ్యారు తుపాకులతో మొదలైన యుద్ధానికి ఆయుధశాల నిండిన ముగింపును ఇవ్వడమే ఆ చిత్రం చేసిన ప్రత్యామ్నాయ చరిత్ర.

ఈ మూడింటిలోను వీరుడు పెరిగాడు. కొండ మాత్రం తగ్గింది. ‘ఆర్‌ఆర్‌ఆర్’ చివర జలం, అడవి, భూమి అన్న నినాదం జెండా మీద కనిపిస్తుంది గాని, నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసిన రోడ్డు కనిపించదు. ఆ రోడ్డు పనిలో కూలీలకు న్యాయమైన కూలి ముట్టలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌పై కసి అక్కడే రాజుకొన్నది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. ముఠాదారుల హక్కులు ఒక్కొక్కటే జారిపోయాయి. గంటందొర అలా పదవి పోగొట్టుకొన్నవాడే. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో ఈ పితూరీని 1839 నుంచి గూడెం, రంప కొండల్లో సాగిన తిరుగుబాట్ల వరుసలో చివరిదిగా నిలిపాడు. ఆ దృష్టితో చూస్తే 1924లో ఓడినది ఒక మనిషి కాదు, 85 ఏళ్ల వివాదంలో ఒక పక్షం.

మరి పితూరీ గెలవడానికి ఏది మారి ఉండాలి? డిసెంబరు 6న దళం దెబ్బ తినకుండా ఉండి ఉంటే అని ఒకరు, మంపలో రాజు చిక్కకపోయి ఉంటే అని ఒకరు అనవచ్చు. అవి యుద్ధాన్ని పొడిగిస్తాయే గాని ఫలితాన్ని మార్చవు. మలబారు తరువాత అస్సాం నుంచి పటాలాన్ని తేగలిగిన ప్రభుత్వం మరొక చోటు నుంచీ తేగలదు. మలుపు మైదానంలో ఉన్నది. చౌరీచౌరా తరువాత 1922 ఫిబ్రవరి 12న సహాయనిరాకరణ ఆగిపోయింది. చింతపల్లి దాడి ఆరునెలల అనంతరం జరిగింది. ఖద్దరు కట్టి, మద్యం మానమని, తగవులను పంచాయతీల్లో తీర్చుకొమ్మని కొండవారికి చెప్పిన రాజు, మైదానంలో ఉద్యమం చల్లారిన వేళ ఒంటరిగా తుపాకి పట్టాడు. కాంగ్రెసు నాయకత్వం ఆ హింసకు దూరంగా నిలిచింది. గాంధీ రాజు ధైర్యాన్ని, త్యాగాన్ని మెచ్చుకొన్నది 1929లో, మార్గాన్ని ఒప్పుకోకుండానే. ఉద్యమం ఆగకుండా ఉండి, నర్సీపట్నం, చోడవరం తాలూకాల రైతులు శిస్తు ఆపి, పటాలాలకు బండ్లు, బియ్యం, కూలీలు దొరక్కుండా చేసి ఉంటే ఏమయ్యేదన్నది చరిత్రకారుడు గౌరవించదగిన ప్రశ్న.

టర్టిల్‌డవ్ కథను ఇక్కడ మళ్లీ తలచుకోవలసి ఉన్నది. అందులో రెండు రాజ్యాలున్నాయి: చట్టానికి జంకే బ్రిటిషుది, జంకని జర్మనుది. మన్యం ఆ విభజనను నిలవనీయదు. 1922 మార్చిలో గాంధీని అహమ్మదాబాదులో న్యాయమూర్తి ముందు నిలబెట్టి, మర్యాదగా విచారించి ఆరేళ్ల శిక్ష వేసిన ప్రభుత్వమే, రెండేళ్ల తరువాత కొయ్యూరులో పట్టుబడినవానిని విచారణ లేకుండా కాల్చింది. కొండ కింద ఒక రాజ్యం, కొండ మీద ఇంకొకటి. ఈ అంచును గుర్తించని ప్రత్యామ్నాయ కథ ఎంత సాహసోపేతమైనా మన్యం కథ కాలేదు.

ఆ అంచు మీదే రావికమతం ఉన్నది. నేటి అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నానికి చేరువగా, ఒక పక్క చెరకు, వరి పండే పల్లం, మరొక పక్క కల్యాణపులోవ జలాశయం వెనుక లేచిన కొండలు. పితూరీ గాథల్లో దీని పేరు పెద్దగా వినిపించదు. ఏజెన్సీకి వెలుపలి ఊళ్లకు వీరగాథలో చోటు తక్కువ. చీమలపాడు వంటి పంచాయతీల్లో కొండల మీద గిరిజనుల గూడేలున్నా అవి షెడ్యూల్డు ప్రాంతంలో చేరలేదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల పరం కాకుండా అడ్డుకొనే 1970 నాటి ఒకటవ నిబంధన, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, షెడ్యూల్డు ప్రాంతంలోనే వర్తిస్తుంది. అవతలి కొండ మీది రైతుకు ఉన్న రక్షణ ఇవతలి కొండ మీది రైతుకు లేదు. తమ గూడేలను అయిదవ షెడ్యూలులో చేర్చమన్న కోరిక ఈ మండలంలోను, పక్కనున్న రోలుగుంట, గొలుగొండ మండలాల్లోను చాలాకాలంగా వినిపిస్తున్నది. పితూరీ గెలిచి ఉంటే ఏమి మారేదన్న ప్రశ్నకు ఈ గూడేల్లో దొరికే జవాబు ఢిల్లీలో కోట కూలడం కాదు, సాగుచేసుకొనే చెక్క ఎవరి పేర ఉంటుందన్నది.

కల్పన ఈ సరిహద్దులను చూడకపోయినా పరిపాలన వాటిని గీస్తూనే ఉన్నది. ‘ఆర్‌ఆర్‌ఆర్’ విడుదలైన పది రోజులకు, 2022 ఏప్రిల్ 4న, విశాఖ జిల్లా విడిపోయి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. రాజు చనిపోయిన కొయ్యూరు ఆయన పేరిటి జిల్లాలో చేరింది. సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది.

పితూరీ ఓడిన లోకంలోనే జరిగిన ఒక సంగతిని ఏ కల్పనాకర్తా ఇంతవరకు తగినంతగా వాడుకోలేదు. గంటందొర తమ్ముడు మల్లుదొర 1923లో పట్టుబడి అండమాను జైలుకు వెళ్లాడు. దేశంలో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో, 1952లో, విశాఖపట్నం నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మూడు దశాబ్దాల కిందట పోలీసుస్టేషన్ల మీదికి నడిచినవాడు, శాసనాలు చేసే సభలో సభ్యుడిగా ప్రమాణం చేశాడు.