మరణశాసనము: మితాక్షర నుండి నేటి వరకు

సన్న్యాసోన్ముఖుడైన యాజ్ఞవల్క్యుడు తన ధనాన్ని కాత్యాయనీ మైత్రేయులకు విభజించి ఇవ్వదలచినట్లు బృహదారణ్యకోపనిషత్తు తెలుపుతున్నది. మైత్రేయి నిరాకరణను మనం నిత్యం స్మరిస్తాము. కాత్యాయని భాగం ఏమైనదని అడిగేవారు అరుదు. గృహస్థధర్మమంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. మహర్షి జీవించి ఉండగానే పంచబూనాడన్నది కూడా గమనార్హం. మరణానంతరం మాట్లాడే పత్రమనే భావన మన ధర్మశాస్త్రాలలో లేదు.

ఆ మహర్షి నామాంకితమైన స్మృతికి విజ్ఞానేశ్వరుడు కళ్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో మితాక్షరా వ్యాఖ్య రచించాడు. తిక్కనకు తన కృతిని అంకితమిచ్చిన కేతన 13వ శతాబ్దిలో దానిని విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. పెదవేగి నుండి కొల్లేటి తీరం వరకు గల వేంగీసీమ వారసత్వమంతా ఈ సంప్రదాయాన్నే అనుసరించింది. దాని ప్రాణం జన్మస్వత్వవాదం: పితృపైతామహ ద్రవ్యంలో పుత్రునికి పుట్టుకతోనే స్వామ్యం సిద్ధిస్తుంది. అవిభక్తుడై మరణించినవాని భాగం మిగిలిన సమాంశభాగులకే చెందుతుంది. ఇక వీలునామాకు తావెక్కడ?

ఆ తావును ఆంగ్లేయ న్యాయస్థానాలు కల్పించాయి. మద్రాసు రాజధానిలోని హిందువునకు మరణశాసనాధికారం ఉన్నదని ప్రివీ కౌన్సిల్ 1856లో అంగీకరించింది. 1870 నాటి హిందూ విల్లుల చట్టం మాత్రం వంగదేశానికి, మద్రాసు, బొంబాయి నగరాలకే పరిమితమైంది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలు దాని వెలుపల నిలిచాయి. అందుచేత 1927 జనవరి 1కి పూర్వం ఇచ్చట మృత్యుశయ్యపై పలికిన నోటిమాట సైతం, రుజువైతే, శాసనమే! ఆ రుజువుకై ఎన్ని గృహాలు కలహించాయో ఊహించుకోవచ్చు.

జమీందారులూ ఇందుకు అతీతులు కారు. నూజివీడు సంస్థానం జ్యేష్ఠునికే దక్కే అవిభాజ్య రాజ్యమా అనే వివాదం ప్రివీ కౌన్సిల్ వరకు సాగి, విభాజ్యమేనని తేలింది. అప్పారావుల మధ్య నడిచిన మరొక వ్యాజ్యంలో, 1914లో, ఆ న్యాయమూర్తులు చిరస్మరణీయమైన సూత్రం చెప్పారు: వీలునామాను కేవలం అక్షరార్థంతో కాక, కర్త ఆసనంలో తాము కూర్చుండి, అతని కుటుంబస్థితిని, విశ్వాసాలను తలచి గ్రహించాలి. మీమాంసకులు తాత్పర్యనిర్ణయమని పిలిచేది ఇంతకంటె భిన్నమా?

1956 హిందూ వారసత్వ చట్టం అవిభక్త భాగాన్ని కూడా వీలునామాకు లోబరచింది. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెలకు జన్మహక్కు ఇచ్చింది. కాని అప్పటికే వివాహితలైనవారిని మినహాయించింది. ఆ లోపాన్ని 2005 కేంద్ర సవరణ తొలగించింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది.

నేటి విధి సరళమే. స్వస్థచిత్తుడైన కర్త సంతకం, ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ చాలు. రిజిస్ట్రేషను ఐచ్ఛికం. జీవించినంతకాలం మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. అయితే తనకు లేని స్వామ్యాన్ని ఎవరూ ప్రసాదించలేరు. 1999లో అభయారణ్యమైన కొల్లేటి గర్భంలోని పట్టాభూమిని వీలునామాగా వ్రాసినా, ఆ భూమిపై గల నిషేధాలు వారసుని వెంటే వస్తాయి. అట్లే, పిత్రార్జిత క్షేత్రమంతా కుమారులకే చెందుతుందని తండ్రి వ్రాసిపోతే, అతని స్వభాగం మేరకే అది చెల్లుతుంది. కూతురి జన్మభాగం ఆ పత్రానికి అందదు.