మరుభూమిపై మార్గదర్శి

యుద్ధములో శత్రువును కొట్టిన చేతిని లోకము పొగడును. ఎచట కొట్టవలెనో చూపిన కంటిని అంతగా తలంపదు. 1971 డిసెంబరులో రాజస్థానమునందలి లోంగేవాలా వద్ద జరిగిన పోరులో అట్టి కన్నుగా నిలిచినవాడు మేజరు ఆత్మాసింగు.

జైసల్మేరు జిల్లాలో, పాకిస్తాను సరిహద్దునకు చేరువగా, ఇసుక దిబ్బల నడుమ లోంగేవాలా యను చిన్న సైనిక స్థావరముండెను. డిసెంబరు 3వ తేదీ సాయంకాలమున పాకిస్తాను విమానములు మన విమానాశ్రయములపై దాడి చేయుటతో పశ్చిమ సరిహద్దున యుద్ధము మొదలయ్యెను. మరునాటి రాత్రి శత్రువు ట్యాంకుల దండుతో లోంగేవాలాపైకి నడచెను. అచట మేజరు కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వమున, పంజాబు రెజిమెంటు 23వ పటాలమునకు చెందిన సుమారు 120 మంది మాత్రమే యుండిరి. వారికి ట్యాంకులు లేవు. స్థావరమును విడచిపోవుటకు అవకాశమున్నను చాంద్‌పురి నిలిచి పోరాడుటకే నిశ్చయించెను. జైసల్మేరులో హంటర్ జెట్ విమానములు కలవు గాని, రాత్రివేళ పోరాడుటకు తగిన సాధనములు వానికి లేకుండెను. తెల్లవారువరకు ఆ కొలదిమందియే శత్రువును నిలువరించిరి.

5వ తేదీ వేకువనే హంటర్లు వచ్చెను. కాని అవి గంటకు వేయి కిలోమీటర్లకు మించిన వేగముతో పోగల విమానములు. వానిని నడుపువారికి నేలను పరికించుటకు క్షణములే దొరకును. చెట్టు, చెరువు, గుడి వంటి ఆనవాళ్లు కానరాని ఇసుకలో శత్రువు ఎచట నున్నాడో, మనవారి కందకము లెచట నున్నవో పోల్చుకొనుట సులభము కాదు. ఒక్క రాకెట్టు గురితప్పి ఇవతల పడినచో మనవారే హతులగుదురు.

కావున వేరొకరు నెమ్మదిగా ఎగురుచు, నేలను చూచి, రేడియోలో దారి చెప్పవలెను. ఆత్మాసింగు చేసిన పని యదియే. ఆయన నడిపినది బెంగుళూరులోని హిందూస్థాన్ కర్మాగారమున తయారైన కృషక్ విమానము. కృషక్ అనగా కర్షకుడు. పేరునకు తగినట్లే అది సాధువైన చిన్న విమానము: ముందు ఒకటే పంకా, హంటర్ వేగములో ఇంచుమించు అయిదవ వంతు వేగము. ట్యాంకులపై మరతుపాకులు ఆకాశమునకు గురిపెట్టియున్న వేళ, పోరుకై నిర్మింపబడని ఆ విమానములో ఆయన రణభూమిపై తిరుగుచు హంటర్లకు గురులను చూపెను. జెట్ విమానికునికి వేగమే కవచము. ఆత్మాసింగునకు ఆ కవచమైనను లేదు.

రాకెట్ల నుండి తప్పించుకొనుటకై ట్యాంకులు ఇసుకలో గిరగిర తిరిగెను. ఆ చక్రముల జాడలు నాడు ఆకాశము నుండి తీసిన ఛాయాచిత్రములలో నేటికిని చూడవచ్చును. పోరు ముగియునప్పటికి శత్రువు ముప్పదికి పైగా ట్యాంకులను కోల్పోయెను. జైసల్మేరునకు పోవలెనన్న అతని ఎత్తు విఫలమయ్యెను. చాంద్‌పురికి మహావీరచక్రము, ఆత్మాసింగునకు వీరచక్రము లభించెను.

తరువాతి కాలమున, ఈ విజయము నేలపై పోరిన సైన్యముదా, వాయుసేనదా యని వాదములు చెలరేగెను. 1997లో వచ్చిన ‘బోర్డర్’ అను హిందీ చలనచిత్రము చాంద్‌పురి సాహసమును ఇంటింటికి చేర్చెను. ఆత్మాసింగు పేరు మాత్రము అంతగా వినబడదు. వాదమునకు సమాధానము ఆయన యందే యున్నది. ఆయన సైన్యమునకు చెందిన అధికారి, విమానము నడిపెను, వాయుసేనకు దారి చూపెను. సైన్యమునకు ప్రత్యేక విమానదళ మేర్పడినది 1986లో. అంతకు 15 ఏండ్ల ముందే ఇది జరిగెను.

రాత్రి నిలిచినవారు లేనిచో ఉదయమునకు కాపాడవలసిన స్థావరమే మిగులదు. ఉదయమున హంటర్లు రానిచో రాత్రి చూపిన సాహసము వ్యర్థమైయుండును. ఆ రెంటిని కలిపినది కృషక్ నుండి పలికిన కంఠము. మన పిల్లలకు లోంగేవాలా కథ చెప్పునపుడు ఆ పేరును గూడ చెప్పుట న్యాయము.