పలకరాయి రైలు – దాన్ని బతికించినవాళ్ళు

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దుకున్న తరం మాది. ఆ నల్లరాయి పొరలు పొరలుగా చీలుతుంది. బ్రిటన్‌లో పడమటి వైపున ఉన్న వేల్స్ కొండల్లోనూ అలాంటి రాయే ఉంది. అక్కడ దాన్ని ఎక్కువగా ఇంటి కప్పులకు పరిచారు. ఆ రాయిని కొండ దింపడానికి వేసిన ఒక చిన్న రైలుమార్గం కథ మన పిల్లలకూ తోటి ఉపాధ్యాయులకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. దాని పేరు తాలిల్లిన్ రైల్వే. మూతపడబోతున్న దాన్ని జీతం ఆశించని మామూలు మనుషులు చేతుల్లోకి తీసుకున్నారు. ప్రపంచంలో స్వచ్ఛంద కార్యకర్తలు ఇలా నిలబెట్టిన మొదటి రైల్వే అదే.

బ్రిన్ ఎగ్లూయిస్ అనే కొండ మీద పలకరాయి గని ఉండేది. మొదట్లో రాయిని గుర్రాల మీద వేసి కొండ దింపేవారు. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, అక్కడి నుంచి ఇంగ్లండు మిల్లులకు పత్తి రావడం తగ్గిపోయింది. మాంచెస్టర్ పత్తి మిల్లుల యజమానులు కొందరు తమ డబ్బును ఈ గనిలో పెట్టారు. 1865లో పార్లమెంటు చట్టం చేసింది. తవిన్ అనే సముద్రతీర పట్టణం నుంచి అబర్‌గునోల్విన్ అనే ఊరి వైపు పట్టాలు పడ్డాయి. రెండు పట్టాల మధ్య దూరం 27 అంగుళాలే. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 66 అంగుళాలు ఉంటుంది. రాయితో పాటు మనుషులూ ఆ రైలులో ప్రయాణించారు. 1864లో తయారైన 'తాలిల్లిన్', 1866లో తయారైన 'డోల్‌గోక్' అనే రెండు ఆవిరి ఇంజన్లే దాదాపు ఎనభై ఏళ్ళు ఆ బరువంతా లాగాయి.

1911లో హేడన్ జోన్స్ అనే పార్లమెంటు సభ్యుడు గనినీ రైలునూ కొన్నాడు. 1946 డిసెంబరులో గని కూలి మూతపడింది. తాను బతికున్నంత కాలం రైలు నడుపుతానని ఆయన మాట ఇచ్చాడు. నష్టం వస్తున్నా వేసవిలో నడుపుతూనే వచ్చాడు. 1948లో బ్రిటన్ రైల్వేలను ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఈ చిన్న రైలును తీసుకోలేదు. 1950 జూలైలో హేడన్ జోన్స్ చనిపోయాడు. స్లీపర్లు పుచ్చిపోయాయి, పట్టాల మీద గడ్డి మొలిచింది. నడిచే ఇంజను డోల్‌గోక్ ఒక్కటే మిగిలింది.

టామ్ రోల్ట్ అనే రచయిత, ఆయన మిత్రులు ఊరుకోలేదు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్ నగరంలో ఒక సభ పెట్టారు. రైలును కాపాడే సంఘం అక్కడ పుట్టింది. హేడన్ జోన్స్ భార్య రైల్వేను ఆ సంఘానికి అప్పగించడానికి ఒప్పుకున్నారు. 1951 మే 14న సంఘం మొదటి రైలు కదిలింది. దగ్గరలోని కోరిస్ రైల్వే 1948లోనే మూతపడింది. దాని పట్టాల వెడల్పు కూడా 27 అంగుళాలే. అక్కడ మిగిలిన రెండు పాత ఇంజన్లను ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. వాటిలో ఒకదానికి హేడన్ జోన్స్ పేరే పెట్టారు. మూలన పడిన తాలిల్లిన్ ఇంజనును బాగుచేయించి 1958లో మళ్ళీ పట్టాలెక్కించారు.

ఇదంతా సరదాగా సాగిన పని అనుకోకూడదు. ఆవిరి ఇంజను మీట నొక్కగానే కదిలేది కాదు. రైలు బయలుదేరడానికి కొన్ని గంటల ముందే వచ్చి బూడిద ఎత్తాలి, మంట పెట్టాలి, కీలు కీలుకూ నూనె వేయాలి. బాయిలరు లోపల పేరుకున్న మడ్డి కడగాలి. బాయిలరు బలహీనపడితే ప్రాణాలకే ప్రమాదం కాబట్టి దానికి క్రమం తప్పకుండా పరీక్షలు చేయించాలి. దుకాణంలో దొరకని భాగాలను అచ్చు తయారుచేసి పోత పోయించాలి. వానలో నిలబడి స్లీపర్లు మార్చాలి. సెలవు రోజుల్లో వచ్చి ఈ పనులన్నీ నేర్చుకున్నవాళ్ళే డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు అయ్యారు. పెద్దవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పారు. డెబ్బై ఏళ్ళు దాటినా రైలు నడుస్తోందంటే ఆ నేర్పడం ఆగకపోవడం వల్లనే.

అయితే ఈ కథలో మనం ఆగి ఆలోచించవలసిన చోటు ఒకటి ఉంది. సంఘం పుట్టింది ఇంగ్లండు నగరంలో. రైలు నడిచింది వెల్ష్ భాష మాట్లాడే కొండ ప్రాంతంలో. 19వ శతాబ్దంలో వేల్స్‌లోని కొన్ని బడుల్లో, వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా ఒక కొయ్యముక్క వేలాడదీసేవారు. ఇంటి భాష మాట్లాడినందుకు బడిలో తలదించుకోవడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పిల్లల్లో ఎందరో పెరిగి గనుల్లో రాయి చీల్చారు, ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్నారు. ఇంజనుకు రంగు వేసి, ఇత్తడికి మెరుగు పెట్టి చూపించడం తేలిక. రాయి చీల్చిన చేతుల్ని చూపించడం కష్టం.

ఆ దిశగానూ కొంత పని జరిగింది. 1976లో రైలును గని దారి మొదలయ్యే నాంట్ గ్వెర్నోల్ వరకు పొడిగించారు. 2021లో యునెస్కో వాయువ్య వేల్స్ పలకరాయి ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో రైలుతో పాటు బ్రిన్ ఎగ్లూయిస్ గని, అబర్‌గునోల్విన్ ఊరు కూడా ఉన్నాయి. ఇంజనుకు దక్కిన గౌరవం పనివాళ్ళ ఊరికి చేరడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది.

మన మన్యం గుండా కూడా గని కోసం వేసిన రైలుమార్గం ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960లలో కొండలు తొలిచి కిరందుల్ లైను వేశారు. ఇవాళ పర్యాటకులు అద్దాల పెట్టెల్లో కూర్చుని బొర్రా, అరకు అందాలు చూస్తున్నారు. ఆ కొండల్లో పట్టాలు పడుతుండగా ఎవరి పొలం పోయింది, ఎవరు రాయి మోశారు, మొదటి రైలు కూత విన్న రోజు ఊళ్ళో ఏమనుకున్నారు? ఈ సంగతులు అద్దాల పెట్టెలోంచి కనిపించవు.

అప్పుడు ఇరవై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటాయి. తవిన్‌కు వచ్చినవాళ్ళు సెలవు రోజుల్లో స్పానర్లు పట్టారు. మన పిల్లల చేతిలో నోటు పుస్తకం, ఫోను ఉన్నాయి. తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర కూర్చుని, మన భాషలోనే అడిగి, వాళ్ళ మాటల్లోనే రాయించాలి. బడిలో ఒక బీరువా దానికి కేటాయించాలి. ఈ దసరా సెలవుల్లోనే మొదలుపెడదాం. మన పని మొదట మనమే చేస్తే, మన ఊరి పేరు కథలో చేరడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు ఆగక్కరలేదు.