ఎక్స్‌రే పనివారి విశ్రాంతి కథ

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయ వ్యయాలు వింటాము. మన కుటుంబాలలో ఎక్స్‌రే గదుల్లో ఉద్యోగం చేసేవారి దేహానికి కూడా అటువంటి లెక్క ఒకటి ఉన్నది. దాని పూర్వోత్తరాలను ఈ పండుగ సంచికలో ముచ్చటించుకుందాము.

మన యశ్వంతనగర్ సండూరు గనుల సీమలోనిది. సండూరు సంస్థానం 1949లో మద్రాసులో విలీనమైనది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోగా, సండూరు బళ్ళారితోపాటు మైసూరులో చేరినది. గనుల ఊళ్ళకు ఎక్స్‌రే కొత్త కాదు. 1952 గనుల చట్టం కింది నియమాలు పనివారికి అయిదేళ్ళకొకసారైనా వైద్యపరీక్ష విధించినవి; ఛాతీ ఎక్స్‌రే అందులో భాగమైనది. గనివాని ఊపిరితిత్తులను చూసేవారున్నారు సరే, ఆ చూసేవాని అలసటను చూసేదెవరు?

రాంట్‌జెన్ పండితుడు ఈ కిరణాలను కనుగొన్నది 1895 నవంబరు 8న. తొలినాళ్ళలో పనివారు యంత్రం సరిగా ఉన్నదో లేదో తమ చేతినే అడ్డుపెట్టి చూసుకునేవారు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకొని, 1904లో ప్రాణమే కోల్పోయినాడు. ఇట్లా బలియైనవారికి 1936లో హాంబర్గు నగరంలో స్మారకశిల నిలిపి, దానిపై 169 పేర్లు చెక్కించారు.

అంతకుముందే, 1921లో, బ్రిటిషు రక్షణ సంఘం ఒక సూచన చేసినది. రోజుకు ఏడు గంటలకు మించి పని కూడదు; ఆదివారంతోపాటు వారానికి రెండు అరపూటలు సెలవు ఇవ్వవలె, వాటిని వీలైనంత ఆరుబయట గడపవలె; ఏటా ఒక నెల విశ్రాంతి ఉండవలె. సీసపు తెరలతోపాటు విశ్రాంతిని కూడా రక్షణగానే ఎంచినారన్నమాట! మద్రాసులో బర్నార్డు రేడియాలజీ సంస్థ 1934లో ప్రారంభమైనది. అప్పటికి బళ్ళారి, తెలుగు జిల్లాలు ఒకే రాజధాని కిందివే.

తరువాత రక్షణ సాధనాలు పెరిగినవి. మన దేశంలో 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడినది. పనివారు రొమ్ముపై ధరించే బ్యాడ్జీ వారికి సోకిన కిరణాలను కొలుస్తుంది. అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటరాదు. ఇది మెచ్చదగిన ప్రగతి. అయితే కిరణభయం తగ్గినకొద్దీ విశ్రాంతి మాట మరుగున పడినదని మా అభిప్రాయం. సీటీ, ఎమ్మారై యంత్రాలు వచ్చినవి. రాత్రి డ్యూటీలు, కదలలేని రోగులను బల్లమీదికి ఎత్తడం, తొందరపెట్టే బంధువులు – ఇవేవీ బ్యాడ్జీకి అందవు. 2021 కోవిడ్ రోజులలో సీటీ గదుల ముందు రోగులు బారులు తీరిన సంగతి మనమెరిగినదే.

ఈ స్థితికి 1974లో అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్ 'బర్న్అవుట్' అనే పేరు వాడినాడు. ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, పనిపై విముఖత కలగడం, చేసే పనిలో నేర్పు తగ్గడం – ఇవి దాని లక్షణాలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వ్యాధిగా గాక, చక్కబరచని ఉద్యోగపు ఒత్తిడి ఫలితంగా వివరించినది. కాబట్టి దీనిని పనివాని చేతకానితనమని అనడం తగదు. చక్కబరచవలసిన బాధ్యత యజమానిది. చాలినంత సిబ్బంది, ముందుగా తెలిపే డ్యూటీ పట్టిక, భోజనానికి వేళ, రోగిని ఎత్తడానికి తోడు, రాత్రి పని తరువాత తప్పని విశ్రాంతి – ఇవి దయాదాక్షిణ్యాలు కావు, 1921నాడే గుర్తించిన రక్షణకు నేటి రూపాలు.

సొంత ఊరికి దూరంగా బ్రతికే మనకు ఇంటి వద్ద చేయందించే అత్తమామలు, అన్నదమ్ములు అందరికీ అందుబాటులో ఉండరు. అలసిన బిడ్డ ఇంటికి వచ్చి మౌనంగా కూర్చుంటే, "ఏం మాయరోగం?" అని కసురుకోక, ఎన్ని గంటలు పని చేసినదో అడుగుదాము. బ్యాడ్జీ లెక్క మూడు నెలలకొకసారి కట్టుతారు; అలసట లెక్క రోజూ చూడవలసినవారము మనమూ, యజమానులూను.

ఈ నూతన సంవత్సరం ఆ గదులలోని వారికి ఆరోగ్యంతోపాటు తీరికను కూడా ప్రసాదించుగాక!